ఇంట్లో ఉండే మనిషికి క్యారేజీ

మా అమ్మాయి మొన్న ఫోన్లో ఒక వీడియో పంపింది. తెల్లచీర కట్టుకున్న ఒకావిడ చాప మీద కూర్చుని, రోజంతా ఒంట్లో ఓపిక ఉండాలంటే, మనసు ఒకచోట నిలవాలంటే, కోపం రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో చెబుతోంది. తెల్లారకముందే లేవాలట. గోరువెచ్చని నీళ్ళు కూర్చుని తాగాలట. కాసేపు కళ్ళు మూసుకోవాలట. నానబెట్టిన బాదం పప్పులు నెమ్మదిగా నమిలి తినాలట. ఆవిడ గొంతు హాయిగా ఉంది. నేను మాత్రం వినడం మానేసి ఆవిడ వెనకున్న వంటింటిని చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. సింకులో ఒక్క గిన్నె లేదు. గట్టు మీద పూలకుండీ ఉంది. ఆ ఇంట్లో పొద్దున్నే ఎవరూ ఎక్కడికీ వెళ్ళరేమో. లేదా వెళ్ళేవాళ్ళకు వండి కట్టిచ్చే మనిషి కెమెరాకు ఇవతల నిలబడి ఉందేమో.

వీడియో వెనకే మా అమ్మాయి గొంతు కూడా పంపింది. "దేఖో మమ్మా, గుస్సా కమ్ హోగా."

కోపం తగ్గుతుందట. అప్పటిదాకా లేని కోపం అది విన్నాక వచ్చింది. వచ్చింది కాబట్టి కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది శ్రీకాకుళం వైపు. బడికి వెళ్ళలేదు. ఎందుకు పంపలేదో అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చాను. మా ఆయనకు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో చిన్న ఉద్యోగం. మునిర్కా దాటాక ఉండే క్వార్టర్లలో రెండో అంతస్తు మాది. హిందీ నాకు నోటితో వచ్చేసింది. కూరగాయల బండి దగ్గరా, పాల బూత్ దగ్గరా, ఆస్పత్రి లైనులోనూ ఎవరితోనైనా పోట్లాడగలిగినంత వచ్చింది. చదవడం మాత్రం రాలేదు, హిందీలోనూ తెలుగులోనూ.

ఊరి నుంచి పెళ్ళి కార్డు వస్తే మా ఆయన దాన్ని నిలబడే చదివేవారు. "మన ఈధిలో వాళ్ళ గుంటకి పెళ్ళంట. ముహూర్తం రాత్రికి. మనం ఎలాగూ ఎళ్ళం" అని ఫ్రిజ్ మీద పడేసేవారు. మా వైపు ఆడపిల్లను గుంట అంటాం. కార్డుకు రెండు వైపులా నిండా అక్షరాలు ఉండేవి. మిగతావన్నీ ఏమిటండీ అని అడిగితే "ఉండేవే" అనేవారు. చీటీ అయినా, మందు సీసా మీదదైనా, గుడి గోడ మీదదైనా నాకు చెప్పవలసి వస్తే ఆయన దగ్గర అదొక్కటే మాట. ఉండేవే.

మా క్వార్టర్లలోనే చివరి బ్లాకులో ఒక తెలుగు టీచరమ్మ ఉండేవారు. కృష్ణా జిల్లా ఆవిడ. బడిలో పని చేసి రిటైరయ్యారు. నాలాంటి వాళ్ళం కొందరం ఉన్నామని తెలిసి, మధ్యాహ్నాలు ఇంటికి రమ్మన్నారు. అందరం చిన్న ఉద్యోగుల ఇళ్ళ ఆడవాళ్ళమే. నా పక్కన తెలంగాణ ఆవిడ కూర్చునేది, ఒక డ్రైవరు భార్య. మొదటి రోజే టీచరమ్మ షరతు చెప్పారు.

"దీపావళి వెళ్ళాక ఒక శనివారం అందరిచేతా ఒక్కో పేజీ చదివిస్తాను. ఎవరి సాయం లేకుండా చదివినవాళ్ళకి రెండో పుస్తకం. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండమ్మా, నా ఓపిక కూడా అంతంతే."

నాకు రెండో పుస్తకం కావాలి. అంతకు ముందు నా కోసమని ఏదీ అంతగా కోరుకున్నట్టు గుర్తు లేదు. చీర కోరుకున్నాను, ఫ్రిజ్ కోరుకున్నాను, అవి వేరు.

అక్షరాలు త్వరగానే వచ్చాయి. గుణింతాలు వచ్చాయి. వాటిని కలిపి చదవమన్నప్పుడే నాకు కళ్ళు మూతలు పడేవి. మొదటి వరస చదివేలోగా రెండో వరస కదిలిపోయేది. చదివిన మాట చివరికొచ్చేసరికి దాని మొదలు గుర్తుండేది కాదు. ఆవలింతలు వచ్చేవి. తల పుస్తకం మీదికి వాలిపోయేది.

"ఏందక్కా, గా పుస్తకం మెత్తగున్నదా? గంత సుఖంగ పండుకుంటున్నవ్" అని తెలంగాణ ఆవిడ మోచేత్తో పొడిచేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఇంట్లో చెబితే ఒక్కొక్కరూ ఒక్కో వైద్యం చెప్పారు. నా కోపమంతా ఈ వైద్యాల దగ్గర మొదలైంది.

మా ఆయన: "పొద్దున్నే ఓ అరగంట ముందు లేచి ప్రాణాయామం చెయ్యి. బుర్ర ఫ్రెష్ అయిపోద్ది. మా ఆఫీసులో సాబ్ అదే చేస్తారు." ఆయన సాబ్ లేచి ముక్కు మూసుకుని కూర్చున్నప్పుడు ఆ ఇంట్లో పాలు పొంగకుండా ఎవరు చూస్తున్నారో ఆయన అడగలేదు. నేను అప్పటికే అందరికంటే ముందు లేస్తున్నాను. నిద్ర చాలక తూలుతున్న మనిషికి ఇంకా ముందు లెమ్మని మందు.

మా అమ్మాయి అప్పుడు ధౌలా కువాన్‌లో కాలేజీకి వెళ్ళేది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు. "మమ్మా, ఆప్ పానీ హీ నహీ పీతీ. ఔర్ యే చియా సీడ్స్ లియా కరో." ఏవో గింజలు తినాలట, నీళ్ళు తాగడం లేదట నేను. మా క్వార్టర్లలో నీళ్ళు పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు వస్తాయి. ఇంటిల్లిపాదీ తాగేవి, పోసుకునేవి, కూలర్లో పోసేవి, అన్నీ పట్టేది నేను. తాగడం ఒక్కటే మర్చిపోయేదాన్ని.

ఎదురింటి పంజాబీ ఆవిడ బాదం పప్పులు నానబెట్టుకుని తినమంది. నానబెట్టాను. పొద్దున్నే కూర్చుని తొక్కలు తీశాను. అప్పుడు మా అమ్మాయికి పరీక్షలు. "గుంట సదువుకుంటన్నాది, దానికెట్టు" అంది మాతోనే ఉండే మా అత్త, మా ఆయన తల్లి. గిన్నె అటు వెళ్ళిపోయింది. తొక్కలు నా చేతిలో ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద వైద్యం మా అత్తది. "శనివారం ఒక్కపొద్దుండు. ఎంకన్నబాబు తెలివిస్తాడు." తిండి చాలక తెలివి నిలవని మనిషికి ఉన్న తిండి కూడా మానమని. దానికి నేనూ సరేనని రెండు మూడు శనివారాలు ఉన్నాను, చూడండి.

ఎవరూ అడగని మాట ఒకటుంది. నువ్వు ఎప్పుడు తింటున్నావు, ఏం తింటున్నావు? ఆ మాట ఈ ఢిల్లీలో ఒక్క మనిషి నన్ను అడగలేదు.

అడిగి ఉంటే ఇలా చెప్పేదాన్ని. లేవగానే టీ. టీతోపాటు ఒక రస్కు, అదీ మిగిలితే. తర్వాత మా ఆయనకు క్యారేజీ, మా అమ్మాయికి డబ్బా. పప్పో, గుడ్డు కూరో, ఆకుకూరో, ఏది చేసినా అది క్యారేజీల కోసం. అందులో మిగిలిన కూర తీసి పక్కన పెట్టాలి, మా అమ్మాయి కాలేజీ నుంచి ఆకలితో వస్తుంది కనుక. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ టీ. మా అత్తకు స్నానానికి నీళ్ళు, ఆవిడ పూజ, ఆవిడకు చోడి అంబలి. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం. పళ్ళు లేవు కాబట్టి అంబలి గడ్డ కట్టకుండా కలుపుతూ కాచాలి. అంతలో నీళ్ళొస్తాయి. నీళ్ళు పట్టాక బట్టలు. ఆకలి ఒకసారి వచ్చి, పిలిచి, ఎవరూ పలక్కపోతే వెళ్ళిపోతుంది. తర్వాత ఇంకో టీ తాగితే అసలు రాదు. క్లాసుకు వెళ్ళే ముందు గిన్నెలో అడుగున ఉన్న రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని, ఆవకాయ నంజుకుని, గట్టు దగ్గరే నిలబడి తినేసేదాన్ని. కొన్ని రోజులు అదీ లేదు.

ఇది ఒక ఇంటి కథ కాదు. ఆ క్లాసులో ఉన్న ఆడవాళ్ళందరి కథా ఇంచుమించు ఇంతే. మమ్మల్ని ఎవరూ పస్తు పెట్టలేదు. ఇంట్లో బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, ఫ్రిజ్‌లో గుడ్లు ఉన్నాయి. తాళం వేసి లేవు. అయినా ఆ పప్పూ ఆ గుడ్డూ బయటికి వెళ్ళేవాళ్ళవి. కష్టపడేది వాళ్ళు కదా. ఇంట్లో ఉండేవాళ్ళకు ఏదో ఒకటి సరిపోతుంది.

దసరా దాటాక ఒక రోజు క్లాసులో నేను నిజంగానే నిద్రపోయాను. లేచేసరికి టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు.

"నీ తప్పు కాదమ్మా" అన్నారు చాలా మెత్తగా. "వయసు. కొన్ని కొన్ని వయసులో ఎక్కవు. అక్షరాలు గుర్తుపడుతున్నావుగా, బస్సు బోర్డు చదువుకోవచ్చు. చాల్లే."

తిట్టి ఉంటే బావుండేది. జాలిపడ్డారు. ఇంటికి నడిచి వస్తుంటే చెవులు వేడెక్కిపోయాయి. ఢిల్లీలో తెలుగు బస్సు బోర్డు ఎక్కడుందండీ అని అడగాలని ఇంటి మెట్ల దగ్గరికి వచ్చాక తోచింది.

ఆ వారంలోనే మా ఆయన క్యారేజీ మర్చిపోయారు. మెట్రో కార్డు కనబడక ఇల్లంతా తిరిగి, నా మీద అరిచి, చివరికి అది ఆయన చొక్కా జేబులోనే దొరికి, ఆ కంగారులో వెళ్ళిపోయారు. క్యారేజీ చెప్పుల స్టాండు మీద ఉండిపోయింది. ఫోన్ చేశాను.

"వదిలెయ్, క్యాంటీన్లో తింటాను" అన్నారు.

"రేతిరికుంచు, ఆడొచ్చి తింటాడు" అంది మా అత్త మంచం మీది నుంచి.

నీళ్ళు పట్టడం అయ్యాక దాన్ని లోపలికి తీసుకొచ్చాను. గిన్నెలు సర్దేయాలని మూత తీశాను. మొదటి గిన్నెలో అన్నం, ఒక మూలగా నెయ్యి. రెండోదాంట్లో తోటకూర పప్పు. మూడోదాంట్లో గుడ్డు కూర, నూనె పక్కకు కారకుండా చుట్టూ తుడిచి ఉంది. పైదాంట్లో గట్టి పెరుగు. ఒక కాగితంలో రెండు వడియాలు, మెత్తబడకుండా వేరేగా చుట్టి ఉన్నాయి. అదంతా పొద్దున్నే నేనే సర్దాను. అలా సర్దిన అన్నం నా ముందుకు ఎప్పుడూ రాలేదు. ఇంత మర్యాదగా నాకెవరూ అన్నం పెట్టలేదని అనుకున్నాను. మర్యాద చేసింది కూడా నేనే.

పీట వేసుకుని కూర్చున్నాను. తిన్నాను. వడియాలతో సహా తిన్నాను. తిన్నాక అక్కడే నేల మీద కాసేపు నడుం వాల్చాను.

"సప్పుడు నేదు, ఏటి సేస్తన్నావే?" అని మా అత్త అడిగింది.

"తింటన్నాను అత్తా."

"ఇంతసేపా?"

ఆ మధ్యాహ్నం క్లాసులో నా వంతు వచ్చింది. తప్పిపోయిన గొర్రె కోసం ఒక ముసలమ్మ వెతికే పాఠం అది. అంతకుముందు వారమంతా ఆ పాఠంలో ముసలమ్మ గడప కూడా దాటలేదు నా దగ్గర. ఆ రోజు దాటింది. వరసలు కదలలేదు. మాట చివరికి వచ్చేసరికి మొదలు ఇంకా అక్కడే ఉంది. వత్తుల దగ్గర ఆగాను, కూడబలుక్కున్నాను, మళ్ళీ సాగాను. గొర్రె దొరికేదాకా చదివాను.

టీచరమ్మ కళ్ళజోడు తీసి చూశారు. "ఇంట్లో ఎవరు చెప్పారమ్మా? అమ్మాయా?"

"ఎవరూ చెప్పలేదండి. అన్నం తినొచ్చాను."

తెలంగాణ ఆవిడ పక్కున నవ్వింది. "అయితే మీ ఇంట్ల ఏం కూరనో చెప్పక్కా, మేం గుడ తింటం!"

అందరితోపాటు నవ్వడానికి నోరు తెరిచాను గానీ నవ్వు రాలేదు. ఒక్క భోజనంతో చదువు వచ్చేయదని నాకూ తెలుసు. ఆ అక్షరాలు నెలల నుంచి నాలో ఉన్నాయి. వాటిని పట్టి నిలపడానికి ఒంట్లో ఏమీ లేక జారిపోయాయి, అంతే. దాన్ని వయసన్నారు. బుర్ర మందమన్నారు. బాదం తినమన్నారు, ముక్కు మూసుకోమన్నారు. నేను నమ్మాను. పెళ్ళయినప్పటి నుంచి మధ్యాహ్నం కాగానే నాకు వచ్చే చిరాకునూ, మతిమరుపునూ, ఉప్పు వేశానో లేదో తెలియకపోవడాన్నీ నా గుణమని నమ్మాను. అందరూ నన్ను కోపిష్టిదంటే అదీ నిజమేననుకున్నాను. అది ఆకలి. ఇన్నేళ్ళూ నా పేరు మీద తిట్లు తిన్నది నా ఆకలి.

సాయంత్రం మా ఆయన గుండెల్లో మంటతో వచ్చారు. క్యాంటీన్లో ఛోలే భటూరే తిన్నారట.

"క్యారేజీ వేడి సెయ్యి. అదే తింటాను."

"నేను తినేశాను."

"నా క్యారేజీ తినేసినావా?" ఆయన కోపగించుకోలేదు, నిజంగా ఆశ్చర్యపోయారు. గోడ మీది క్యాలెండరును నేను తిన్నట్టు చూశారు. "మొత్తమా?"

"మొత్తం."

"అరే యార్" అన్నారు.

మర్నాడు పొద్దున్న అటక మీది పాత స్టీలు క్యారేజీ దించి తోమాను. మా ఆయనది సర్దాను, మా అమ్మాయిది సర్దాను, మూడోది నాకు సర్దాను. అన్నం, పప్పు, కూర, పెరుగు. మూత వేసి గట్టు మీద పెట్టాను. ఎందుకంటే గిన్నెలో ఉన్న కూర అందరిదీ. క్యారేజీలో పెట్టిన కూరకు ఒక మనిషి ఉంటుంది. మా ఇంట్లో ఇంకొకరి క్యారేజీ ఎవరూ ముట్టరు. ఆ మర్యాద నాకూ కావాలి.

మా అత్త దాన్ని చూసి ముక్కు మీద వేలు వేసుకుంది. "ఇదేటి సోద్యమే? ఇంట్లో ఉండేదానికి క్యారేజీ ఏటి? ఏ ఆఫీసుకెళ్తావు?"

"ఈ ఆఫీసుకే."

"మా అత్త నన్ను గంజి కూడా తాగనిచ్చేది కాదు. నాను సచ్చిపోనానా?"

చావలేదు. కానీ ఆవిడ జీవితంలో ఒక్క రోజైనా ఎవరితోనూ నెమ్మదిగా మాట్లాడినట్టు నాకు తెలియదు.

ఆవిడ ఊరికి ఫోన్ చేసి అందరికీ చెప్పింది. "మా కోడలు ఇంట్లోనే క్యారేజీ కట్టుకుంటాది!" ఒక రోజు పూజకు వెళితే గుళ్ళో తెలుగు ఆడవాళ్ళు నా వంక చూసి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. "క్యారేజీ తెచ్చుకోలేదా వదినా? ప్రసాదం సరిపోద్దా?" అని ఒకావిడ. మా ఆయన తల దించుకుని ఇంటికొచ్చారు.

"నేను నీకు తిండి ఎట్టట్లేదనుకుంటారు జనం" అన్నారు. "అసలే చిన్న నౌకరీ. పరువు తీసేస్తున్నావు. తింటే తిను, ఎవడొద్దన్నాడు? ఆ డబ్బాలో ఎట్టుకోడం ఎందుకు?"

డబ్బాలో పెట్టుకోకపోతే తినలేనని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అర్థం కాలేదు. తినకపోవడం నా ఇష్టమని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నారు. అది విన్నాక నాకు ఇంకా మండింది.

దీపావళి వెళ్ళింది. ఢిల్లీ అంతా పొగ. కళ్ళు మండుతూ, గొంతు గరగరలాడుతూ ఉండే రోజులు. టీచరమ్మ చెప్పిన శనివారం వచ్చింది. ఆఫీసు సెలవు కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. మా అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్ళింది. మా అత్తకు ఒక్కపొద్దు.

"నువ్వూ ఉండు ఈ ఒక్క రోజు. దేవుడి దయుంటే సదువుతావు" అంది.

"ఉండను అత్తా."

పొద్దున్నే నాకు సరిపడా అన్నం వండి, పప్పు చేసి, గుడ్డు ఉడకబెట్టి, నా క్యారేజీ సర్దుకున్నాను. వాళ్ళకు మధ్యాహ్నం వేడిగా వండుదామనుకున్నాను. అంతలో మా ఆయనకు ఫోన్ వచ్చింది. మా ఊరి వైపు చుట్టం ఒకాయన ఏదో ఆఫీసు పని మీద ఢిల్లీ వచ్చి, సాయంత్రం వస్తానన్నవాడు అప్పుడే మెట్రో దిగాడట. ఈయన వెళ్ళి తీసుకొచ్చారు. ముందు గదిలో కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చారు. నేను అప్పుడే బియ్యం కడుగుతున్నాను.

"వండినావా?" గొంతు తగ్గించి అడిగారు.

"ఇప్పుడే పెడుతున్నాను."

"ఆడు రైల్లో ఏటీ తిననేదంట. ఆ క్యారేజీ ఉంది కదా. ఆడికి ఎట్టెయ్. మనం తర్వాత తిందాం."

మనం. నాకు క్లాసు టైమవుతోంది. ఆ మాట ఆయనకు తెలుసు. పొద్దున్నే గుర్తు కూడా చేశాను.

కడిగిన బియ్యం కుక్కరులో పోసి పొయ్యి మీద పెట్టి, "అది నాది" అన్నాను. "కుక్కరు పెట్టాను. మూడు విజిళ్ళు రాగానే దించండి. పప్పు ఆ గిన్నెలో ఉంది. పెరుగు ఫ్రిజ్‌లో ఉంది."

"నానా?"

"మీరే."

"ఇంటికొచ్చినోడి ముందు నువ్వు కూకుని తింటావా? తెలిసే సేస్తన్నావా?"

పీట వేసుకున్నాను. మూత తీశాను. వంటింటి తలుపు సగం తెరిచే ఉంది. ముందు గదిలో కూర్చున్న మనిషికి నేను కనబడుతూనే ఉన్నాను. చుట్టం ఒకసారి తొంగి చూసి గట్టిగా అన్నాడు, "ఏటి బావా, ఢిల్లీలో పద్ధతి ఇలగేటి? మా ఇంట్లోనయితే ఈపాటికి ఇస్తరి ఇసిరేసేవోణ్ణి!"

మా ఆయన నవ్వు లాంటి చప్పుడు ఒకటి చేశారు.

అన్నం నెమ్మదిగా నమలాలని ఇప్పుడు వీడియోల్లో చెబుతారు. నేను ఆ రోజు నెమ్మదిగా నమలలేదు. కోపంగా నమిలాను. గొంతుకు అడ్డం పడుతుంటే నీళ్ళు తాగి మింగాను. గుడ్డు తిన్నాను, పప్పు తిన్నాను, పెరుగన్నం తిని గిన్నె తుడిచాను. ఆయన గుమ్మంలో అలాగే నిలబడి ఉన్నారు. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడ్డారు.

"గరిటె ఎక్కడుంది?" అన్నారు చివరికి.

"మీ ఎదురుగా."

చెయ్యి కడుక్కుని, పుస్తకం తీసుకుని, చుట్టానికి నమస్కారం చెప్పి మెట్లు దిగాను. అంత కోపంలో ఏం చదువుతానులే అనుకున్నాను. కానీ కడుపు నిండి ఉన్న కోపం వేరు. దానికి కాళ్ళుంటాయి, నిలబడుతుంది.

టీచరమ్మ ఏ పేజీ తీస్తారోనని భయపడ్డాను. ఎప్పుడూ చదవని పాఠం తీశారు. వానాకాలంలో కూలిన ఇంటి గోడ గురించి. మూడు చోట్ల ఆగాను. ఒక చోట తప్పు చదివి, అర్థం కుదరక, నాకు నేనే దిద్దుకున్నాను. ఎవరూ మాట అందించలేదు. పేజీ చివరికి వచ్చి తలెత్తితే, తెలంగాణ ఆవిడ చప్పట్లు కొడదామని చేతులెత్తి టీచరమ్మను చూసి ఆగిపోయి ఉంది.

"రెండో పుస్తకం తీసుకో" అన్నారు టీచరమ్మ. దాన్ని నా చేతికిస్తూ, "నేను ఆ రోజు వయసన్నాను" అన్నారు.

ఇంటికొచ్చేసరికి చుట్టం వెళ్ళిపోయాడు. మా ఆయన ముసుగు తన్ని పడుకున్నారు. సింకు నిండా గిన్నెలు. అన్నం అడుగంటింది. మా అత్త మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఆ వొచ్చినోడికి మజ్జిగ ఎయ్యనేదు నీ మొగుడు" అంది. "నాకు అంబలి పొయ్యనేదు."

ఒక్కపొద్దులో ఆవిడ మధ్యాహ్నం అంబలి తాగుతుంది. రోజూ నేనే ఇస్తాను. ఆ కొడుకు చుట్టానికి పెట్టుకున్నాడు, తను తిన్నాడు, పడుకున్నాడు. తల్లి గుర్తు రాలేదు. ఆవిడ కూడా అడగలేదు. అడగడం ఆవిడకు రాదు.

పొయ్యి వెలిగించాను. అంబలి కలుపుతుంటే నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. అన్నీ కలిసి వచ్చాయి. గ్లాసు చేతికిస్తే మా అత్త ఊదుకుంటూ గటగటా తాగింది. తాగి, మూతి తుడుచుకుని, "ఇదంతా నీ వల్లేనే" అంది.

"అవును అత్తా" అన్నాను. "రేపటి నుంచి నీకూ ఓ డబ్బాలో పోసి మంచం పక్కనెడతాను. ఎవరి కోసం సూడక్కర్నేదు."

"నాకేటొద్దు" అంది. పెట్టాను. తాగింది. వద్దంటూనే ఆఖరుదాకా తాగింది.

ఆవిడ ఇప్పుడు లేదు. మా అమ్మాయి గ్రేటర్ నోయిడాలో ఉద్యోగం చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. పొద్దున్న ఏం తిన్నావే అని ఫోన్లో అడిగితే "కాఫీ" అంటుంది. మధ్యాహ్నం మీటింగు. సాయంత్రం తల నొప్పి. అప్పుడు నాకు కోపం తగ్గే వీడియోలు పంపుతుంది.

ఆ తెల్లచీర ఆవిడ చెప్పేవేవీ తప్పు కాదు. నేనూ ఇప్పుడు లేవగానే నీళ్ళు తాగుతాను. ఖాళీ కడుపు మీద టీ మానేశాను. ముందు ఇంత ఇడ్లీయో, చోడి అంబలో తిన్నాకే టీ. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, గుడ్డు, కూర్చుని తింటాను. తిన్నాక కాసేపు నడుం వాలుస్తాను. పొగ లేని రోజుల్లో పార్కులో నడుస్తాను. చదువుతుంటే కళ్ళు మూతపడవు. ఇవి పెద్ద రహస్యాలు కావు. చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియంది ఒక్కటే, ఇంట్లో అందరికీ ఇవి అమర్చిపెట్టే మనిషికి వీటిని ఎవరు అమరుస్తారన్నది. అది చెప్పకుండా ప్రశాంతంగా ఉండమని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ప్రశాంతత రాదు. రానవసరం లేదు.

మా ఆయన ఆ శనివారం గురించి ఇప్పటికీ చుట్టాల దగ్గర చెబుతారు. అక్షరం ముక్క వచ్చాక మా ఆవిడకు పొగరెక్కిందంటారు. మూడు విజిళ్ళకు కుక్కరు దించడం మాత్రం వచ్చింది.

మొన్న ఊరి నుంచి పెళ్ళి కార్డు వచ్చింది. ఆయన ఎప్పటిలాగే నిలబడి చూసి "ముహూర్తం పగలేనంట" అని ఫ్రిజ్ మీద పెట్టారు. నేను తీసుకుని కుర్చీలో కూర్చుని మొదటి నుంచి చదివాను. పెళ్ళికూతురు ఎవరి మనవరాలో చదివాను. ఆ ముసలావిడ నాకు తెలుసు. ఎవరెవరు ఆహ్వానిస్తున్నారో చదివాను. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, విందు ఎక్కడో ఎన్ని గంటలకో ఉంది. ప్రతి కార్డులోనూ ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ వరస ఒక్కసారి కూడా ఆయన నాకు చదివి వినిపించలేదు.

"ఇంకా ఏం చదువుతున్నావు?" అన్నారు ఆయన. "భోజనం సంగతేటి? నీకు ఆకలెయ్యట్లేదా?"

"నేను తినేశాను" అన్నాను. "మీది క్యారేజీలో ఉంది."